పద్దెనిమిది రూపాయల ఇల్లు

24 ఏప్రిల్ 2003, గురువారం. ఉదయం 6.10

నిర్ణయం: మే 31లోగా మేం ఏ ఊరికి మారాలో తేలుస్తాను. వాళ్ళూ వీళ్ళూ చెప్పినదాన్ని బట్టి కాదు, లెక్క వేసి.

కారణం ఒక్కటే. మా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు లేక రెండేళ్ళయింది. డ్రిల్ మాస్టారే లెక్కలూ చూస్తున్నారు. పిల్లల్ని మైదానంలో వరసగా నిలబెట్టి ఎక్కాలు చెప్పిస్తారు. పోయినేడు పదో తరగతిలో ముప్పై ఒక్కరు పరీక్ష రాస్తే లెక్కల్లో నలుగురు గట్టెక్కారు. మా ప్రశాంతి జూన్ పన్నెండున ఎనిమిదిలోకి వెళ్తుంది. లెక్కలంటే దానికి ఇష్టం. ఇక్కడే ఉంచితే ఆ ఇష్టం పదో తరగతి దాకా బతకదు.

చూడవలసిన ఊళ్ళు: హిందూపురం, కదిరి, పావగడ. పావగడ కర్ణాటకలో ఉన్నా మాకు దూరం కాదు. మా ఆయన టెంపో నెలలో సగం రోజులు చింతపండు వేసుకుని ఆ వైపే తిరుగుతుంది. దాటిన ప్రతిసారీ చెక్‌పోస్టులో పన్ను.

మార్కులు: స్కూలుకు 50, పన్నులకు 30, నీళ్ళకు 20. మొత్తం నూరు.

కొన్నవి: రెండువందల పేజీల నోటుబుక్కు, స్కేలు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను.

పన్నుల విషయంలో నాకు అనుభవం ఉందని వినయంగా రాసుకుంటున్నాను. మా ఇంటి పన్ను ఏడాదికి పద్దెనిమిది రూపాయలు. ఈ వీధిలో ఇంత తక్కువ ఇంకెవరికీ లేదు. మామగారి కాలంలో ఈ స్థలంలో ఉన్నది పశువుల కొట్టం. తరువాత దాని వెనక నాలుగు గదుల మిద్దె కట్టుకున్నాం. ముందున్న కొట్టం అలాగే ఉంది. ప్రతి మార్చిలో పంచాయతీ బిల్లు కలెక్టరు కుళ్ళాయప్ప వస్తే, కొట్టంలోనే మంచం వాల్చి చెంబుడు మజ్జిగ ఇస్తాను. ఆయన తాగి, కొట్టం అని రాసుకుని పోతాడు. పదిహేనేళ్ళుగా ఇదే పద్ధతి. కొత్త ఊళ్ళోనూ ఏదో ఒకటి ఆలోచించగలను.

సాయంత్రం 6.30

మా ఆయన నరసింహప్పకు పట్టిక చూపించాను.

"ఊరు మారేదానికి ఈ గీతలన్నీ ఎందుకే?"

"మీ టెంపోకి కాగితాలెందుకు?"

"దారిలో ఆపి అడుగుతారు. నిన్నెవరడుగుతారు?"

"మీ కూతురు అడుగుతుంది."

ఆయన సంగటి కలుపుకున్నారు. మొదటిరోజే గెలిచాను.

27 ఏప్రిల్, ఆదివారం

మా అత్తగారు బయమ్మ పట్టిక చదివించుకుని విన్నారు. "అంతా బాగుండాది గానీ, ఆడ నాతో మాట్లాడేవాళ్ళు ఎవరుంటారు?"

న్యాయమైన ప్రశ్న. "ఇరుగుపొరుగు" అని ఒక గడి చేర్చాను, 10 మార్కులు. ఆ గడి చేరాక కరెంటును వదిలేయడం అన్యాయమనిపించింది, 10. పిండిమిల్లు దూరం, 5. దోమలు, 5. టెంపో నిలిపే చోటు, 5. మొత్తం 135 అయింది. నూటికి ఎంత వస్తుందో తేల్చడానికి నేను పెన్ను తీసేలోపల ప్రశాంతి నోటితో చెప్పేసింది.

ఇలాంటి పిల్లను డ్రిల్ మాస్టారికి ఎలా అప్పగించను?

2 మే, శుక్రవారం. హిందూపురం

మొదటి బస్సుకు నేనూ ప్రశాంతీ. వెంట పులిహోర, నోటుబుక్కు.

స్కూలు బాగుంది. గేటు పైన పెద్ద బోర్డు. రెండు జడల అమ్మాయి ఫోటో, కింద "లెక్కల్లో నూటికి నూరు". వెంటనే 46 వేశాను. హెడ్ మేడం ప్రశాంతికి ఐదు లెక్కలిచ్చారు. నాలుగు నిమిషాల్లో చేసింది. మేడం కళ్ళజోడు తీసి ప్రశాంతిని మళ్ళీ చూశారు.

"సగం ఫీజుకే తీసుకుంటాం. మండలాఫీసు నుంచి నివాస పత్రం తెచ్చియ్యండి. జూన్ ఏడు వరకూ సీటు పెట్టింటా."

ప్రశాంతి నా కొంగు లాగింది. సరే అనమని దాని అర్థం. కానీ ఇంకా రెండు ఊళ్ళు చూడవలసి ఉంది. ఒక్క ఊరు చూసి ఒప్పుకోవడం పద్ధతి కాదు. "ఆలోచించి చెప్తాం మేడం" అన్నాను. తిరుగు బస్సులో ప్రశాంతి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటి పన్ను ఎంతని ముగ్గురు ఇంటి యజమానులను అడిగాను. ముగ్గురూ నవ్వారు. ఒకాయన మాత్రం, "మా తాత పేరున వస్తాదమ్మా. ఆయన పోయి ఇరవై ఏండ్లాయ. ఆయన్నే అడగాల" అన్నాడు.

8 మే, గురువారం. కదిరి

మా ఆయన పాత స్నేహితుడు, మెకానిక్ ఇమాం హుస్సేన్ ఇంట్లో భోజనం. ఆయన భార్య జుబేదాబీ నన్ను స్కూలుకు తీసుకుపోయింది. గేటు పైన పెద్ద బోర్డు. రెండు జడల అమ్మాయి. లెక్కల్లో నూటికి నూరు.

అదే అమ్మాయి. అవే జడలు. రిబ్బన్లు కూడా అవే.

"ఈ అమ్మాయి హిందూపురంలో కదా చదివింది?" అన్నాను.

జుబేదాబీ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏం హిందూపురం అక్కా, మా వీధిలో పిల్లే. సదివింది గవర్నమెంటు బళ్ళో. ఫోటోకు నాలుగొందలు ఇస్తామంటే వాళ్ళ నాయన ఇద్దరికీ ఇచ్చినాడు."

నేను ఒకే అమ్మాయికి రెండు ఊళ్ళలో మార్కులు వేశాను. అసలు చదివిన బడికి సున్నా. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పట్టికలో మొదటి మరక.

15 మే, గురువారం. పావగడ దారి

మా ఆయన చిన్నాన్న కొడుకు ఓబుళేసు ఇల్లు దారిలోనే, సరిగ్గా సరిహద్దు గీత మీద ఉంది. అతిశయోక్తి కాదు. సర్వే రాయి వాళ్ళ పెరట్లో ఉంది, దానిమీద అప్పడాలు ఎండబెట్టారు.

"పన్నా వదినా? ఒక్క పైసా కట్టలేదు. కర్ణాటకోళ్ళు వస్తే పొయ్యి సూపిస్తా, అది ఆంధ్రలో ఉండాది. ఆంధ్రోళ్ళు వస్తే మంచం సూపిస్తా, అది కర్ణాటకలో ఉండాది."

మెచ్చుకుని పన్నుల గడిలో 30కి 30 వేశాను. నా జీవితంలో ఎవరికీ అన్ని మార్కులు వేయలేదు.

"మరి పాప ఏ బళ్ళో చదువుతోంది?"

ఓబుళేసు తల గోక్కున్నాడు. "ఆ బడికి పోతే ఇంటి పన్ను రసీదు ఏదీ అన్నారు. ఈ బడికి పోయినా అదే మాట. మనం యాడా కట్టలేదు గదా. మా అత్తోళ్ళ ఊర్లో పెట్టినాం. నెలకొకసారి వస్తాది."

పావగడ చూసుకుని వస్తూ దారి పొడుగునా నవ్వుకున్నాను. నాలుగు రూపాయల పన్ను మిగుల్చుకుని కూతుర్ని పక్కూరికి పంపిన మనిషిని ఇప్పుడే చూడటం.

23 మే, శుక్రవారం

పట్టిక ముట్టుకోలేదు. కారణాలు: ఎండ. ఊరగాయ రోజులు. నీళ్ళ ట్యాంకరు వారానికొకటే రావడం. ఎర్ర పెన్ను అయిపోవడం.

నీలం పెన్ను ఉంది. అయినా.

31 మే, శనివారం. గడువు

సాయంత్రం 4.00. మొత్తాలు వేశాను. కదిరి ముందుంది, అదీ చాలా ముందుంది. నాకే అనుమానం వచ్చి ప్రశాంతికి చూపించాను. అది ఒక్క నిమిషం చూసి, వేలు పెట్టింది.

"అమ్మా, కదిరికి పన్నుల గడిలో మార్కులు రాయలేదు నువ్వు. రూపాయలు రాసినావు. ఎంత పన్ను ఎక్కువుంటే అంత మంచి ఊరు అయిపోయింది."

సరిచేసింది. హిందూపురం 68, కదిరి 67, పావగడ 68. ముప్పై ఏడు రోజులు, మూడు ప్రయాణాలు, నూటయాభై పేజీలు. తేడా ఒక్క మార్కు.

"హిందూపురం మేడం సగం ఫీజు అన్నారు గదమ్మా," అంది ప్రశాంతి మెల్లగా. "దానికి గడి లేదా?"

లేదు. పిండిమిల్లుకు ఉంది.

5 జూన్, గురువారం

హిందూపురమే. నిశ్చయం. నోటుబుక్కు మూసేశాను.

ఉదయం 10.30. మడకశిర మండలాఫీసు. నివాస పత్రం కోసం అర్జీ, దానికి తోడు ఇంటి పన్ను రసీదులు. పదిహేనేళ్ళవి. తేదీల వరసలో దారంతో కుట్టి తీసుకువెళ్ళాను. ఇంత పద్ధతిగా ఎవరూ తెచ్చి ఉండరని లోపల చిన్న గర్వం.

గుమాస్తా ఒక్కొక్కటే తిప్పి చూశాడు. గర్వం పెరిగింది.

"అమ్మా, ఇందులో పశువుల కొట్టం అని ఉండాదే."

"అవునండీ."

"మీరుండేది యాడమ్మా?"

"అక్కడే."

ఆయన పెన్ను కింద పెట్టాడు. కోపం లేదు, నిజంగానే బాధపడుతున్నాడు. "పశువుల కొట్టంలో నలుగురు మనుషులు కాపురముంటాండారని నేనెట్ల రాసిచ్చేదమ్మా? పంచాయతీలో ఇల్లు అని రాపిచ్చుకోని రాండి. అదే రోజు ఇస్తా."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఎవరో చూడలేదు. రసీదులకు కుట్టిన దారం మరీ గట్టిగా ఉంది, అక్కడే తెంపేద్దామన్నా తెగలేదు.

బస్సులో ఓబుళేసు గుర్తొచ్చాడు. ఈసారి నవ్వు రాలేదు.

6 జూన్, శుక్రవారం

ఉదయం 7.00కే కుళ్ళాయప్ప దగ్గరికి. టేపు తీసుకుని వచ్చాడు. కొట్టం దాటించి, మిద్దెలోకి తీసుకుపోయాను. వాకిట్లో ఆగి, చెప్పులు విడిచి, నాలుగు గదులూ తలెత్తి చూశాడు.

"మీకు ఈ మిద్దె ఉన్నట్టు తెలియదు కదూ," అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తెలీకేమమ్మా. ఇటికరాళ్ళు మా బామ్మర్ది బండిలోనే గదా దించినారు."

"మరి ఎందుకు రాయలేదు?"

"మీరు కొట్టమంటిరి, నేను కొట్టమని రాస్తి. పదిహేనేండ్లుగా ఎండన పడి వస్తాండా. లోపలికి రాప్పా, ఫ్యాను కింద కూసో అని ఒక్కతూరి పిలిచింటే, ఆ పొద్దే ఇల్లని రాసుండనా?"

మజ్జిగ ఇచ్చాను. ఫ్యాను కింద.

కొత్త పన్ను పంచాయతీ మీటింగులో తీర్మానం కావాలట. మీటింగు పద్నాలుగున. సీటు గడువు ఏడున.

అత్తగారు అరుగు మీద నుంచి, "మజ్జిగ పల్చన అయ్యిందేమో సూడు ప్రసూనా" అన్నారు.

7 జూన్, శనివారం

ఎస్టీడీ బూత్ నుంచి హిందూపురానికి ఫోను చేశాను. మేడం మర్యాదగానే చెప్పారు. పత్రం లేకుండా సీటు ఇంకా ఆపడం కుదరదట. మేలోనే అర్జీ పెట్టుకుని ఉంటే బాగుండేదట. మే రెండున నేను ఆమె ఎదుటే నిలబడి, పద్ధతి కాదని అనుకున్నాను.

ప్రశాంతికి చెప్పాను. ఏడవలేదు. "నివాస పత్రం ఎప్పుడిస్తారు?" అని అడిగి, తేదీ రాసుకుంది. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మాట అనని మొగుడితో అన్నం తినడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

12 జూన్, గురువారం

స్కూలు తెరిచారు. ప్రశాంతి పాత బడికే పోయింది. సాయంత్రం అడిగాను.

"లెక్కల్లో ఏం చెప్పారు?"

"పదమూడో ఎక్కం. మైదానంలో."

16 జూన్, సోమవారం

ఉదయం 6.00. కొట్టం ఊడ్చి, చాప పరిచాను. నేను ఇంటర్ దాకా చదివాను. ఇరవై రెండేళ్ళు ఇంటి లెక్క తప్పు లేకుండా రాశాను, పై పట్టిక మినహా. శాతాలు, వడ్డీ, లాభనష్టాలు చెప్పగలను. ప్రశాంతి వచ్చింది. దాని వెనకే ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. ఎవరు పిలిచారని అడగలేదు.

మొదటి లెక్క: ఒక ఇంటి పన్ను 18 రూపాయలు. సరిగ్గా కట్టి ఉంటే 390. పదిహేనేళ్ళలో ఆ ఇల్లాలు మిగుల్చుకున్నది ఎంత?

నలుగురూ చేశారు. 5,580. "పోగొట్టుకునింది ఎంత అని అడగలేదే?" అంది ప్రశాంతి.

ఆ లెక్క ఇంకా నాకూ రాలేదు.

29 జూన్, ఆదివారం. ఉదయం 9.15

కుళ్ళాయప్ప కొత్త రసీదు తెచ్చాడు. నేరుగా మిద్దెలోకే వచ్చి కూర్చున్నాడు. రసీదు మీద: నాలుగు గదుల మిద్దె, నివాసం. రూ. 390. ఇంత పన్ను చూసి ఇంత సంతోషించిన మనిషి ఈ మండలంలో ఉండదు.

"మరి ముందరి కొట్టానికి ఏం రాయమంటారమ్మా? తెల్లారితే పదకొండుమంది పిల్లోళ్ళు ఆడ్నే కూసోనుంటారు. బడి అని రాస్తే పన్నుండదు."

మజ్జిగ చెంబు నా చేతిలోనే ఉంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, ఆశ పుట్టింది.

"కొట్టమనే రాసుకోండి," అన్నాను. "ఉన్నది ఉన్నట్టు."

ఉదయం 10.00

కొత్త నోటుబుక్కు, వంద పేజీలదే. కొత్త ఎర్ర పెన్ను. పేజీ 1.

నిర్ణయం: వచ్చే ఏడు తొమ్మిదో తరగతి ఏ ఊళ్ళో చదివించాలో డిసెంబరు 31లోగా తేలుస్తాను. గడులు మూడే. రసీదు చేతిలో ఉంది, నివాస పత్రం రేపే తెస్తాను. సీటు ఇస్తామంటే అక్కడే సరే అంటాను.

ఊళ్ళు: హిందూపురం, కదిరి, పావగడ, మా ఊరు. నాలుగోది న్యాయం కోసం.

మా ఊరికి స్కూలు గడి ఖాళీగా వదిలి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ప్రశాంతి నింపేసింది, ఎర్ర పెన్నుతో:

50కి 11. బీజగణితం నేర్చుకుంటే పెంచుతా.