సినిమాలో సముద్రం

బావా,

గిలకలదిండి నుంచి చేపల వేటకెళ్లిన నువ్వు తిరిగిరాక ఇవాళ్టికి మూడేళ్లు. మొన్న పాపని బందరులో కంప్యూటర్ బొమ్మల సినిమాకి తీసుకెళ్లాను. అందులో సముద్రం అచ్చం నిజంలా ఉందని పేపర్లో తెగ మెచ్చుకున్నారు. నిజమే, నురగతో సహా మన సముద్రమే. సినిమాలో తుఫానొచ్చి ఓ జాలరి పడవ తిరగబడింది. కాసేపటికి జాలరి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు.

బయటికొచ్చాక పాప అడిగింది. "అమ్మా, నాన్న కూడా అలాగే వస్తాడుగా?"

"అవి బొమ్మలు తల్లీ."

"నీళ్లు నిజంవే కదమ్మా."

పేపర్లో రాసినవాళ్లు మెచ్చుకున్నది అబద్ధం కాదు. కానీ నీళ్లు అంత నిజంగా ఉండబట్టే పాప మిగతాదీ నమ్మింది. ఆదివారం మళ్లీ తీసుకెళ్లమంటోంది. వద్దనలేక సరేనన్నాను.