ఫలితం రాకముందే చెప్పిన సాక్ష్యం

ఆదివారం రాత్రి, ప్లేనో, అమెరికా

తమ్ముడు జోయెల్ ఈరోజు చర్చిలో సాక్ష్యం చెప్పాడు. మా చర్చిలో గ్రీన్ కార్డ్ చేతికొచ్చాకో, ఆపరేషన్ బాగా జరిగాకో, దేవుడు మేలు చేశాడని లేచి సాక్ష్యం చెబుతారు. వీడు ఏదీ రాకుండానే లేచాడు.

ఆర్మీ కాంట్రాక్ట్ అయిపోయి వచ్చేశాడనే మమ్మీ ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చింది. పొద్దున కార్లో కూడా బతిమాలింది.

"ఆర్మీ డిశ్చార్జ్ పేపర్ అప్‌గ్రేడ్ అయ్యాక చెబుదువులే నాన్నా, అప్పుడు బాగుంటుంది."

"అవ్వకపోతే చెప్పొద్దా మమ్మీ?" అన్నాడు.

మైక్ పట్టుకుని, ఆ అమెరికా యాస తెలుగులోనే, ఒక్క సాకు కూడా వెతుక్కోకుండా చెప్పాడు.

"నేను డ్రగ్ టెస్ట్ ఫెయిల్ అయ్యాను. ఆర్మీ నన్ను పంపేసింది. ఇప్పుడు క్లీన్‌గా ఉన్నాను. నా డిశ్చార్జ్ పేపర్‌లో ఆ మచ్చ తీసేసి మార్చమని ఆర్మీ బోర్డ్‌ని అడుగుతున్నాను. ప్రే చేయండి."

వాడికంటే పెద్దదాన్ని, నాకు ఆ గుండె లేదు.

బోర్డు కాదంటే? ఆర్మీ ఇచ్చే చదువు సాయం రాదు, ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా ఆర్మీ ఎందుకు పంపేసిందనే ప్రశ్న. వచ్చే ఆదివారం చర్చిలో ఆ ఆంటీల మధ్య మమ్మీ ఎలా కూర్చుంటుందో...

సాక్ష్యం అవగానే అందరూ ఆమేన్ అంటారు. ఇవాళ ఎవరికీ నోరు పెగల్లేదు. పాస్టర్ గారు కూడా బైబిల్ వంకే చూస్తున్నారు. వాడు మైక్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పుడు నా పక్కనుంచి ఒక్క గొంతు, గట్టిగా, "ఆమేన్" అంది.

మమ్మీ.