ముందు వరసలోంచి లేపిన తండ్రి గురించి

కొక్-బెల్ జలవనరుల విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారి సముఖమునకు,
ప్రథమ సంవత్సర విద్యార్థుల విద్యా సలహాదారు బురుల్ చొరోయెవా సమర్పించుకొను అర్జీ

అయ్యా,

విషయం: నదీ జలశాస్త్ర విభాగంలో సీటు పొందిన కుమారి కనిషాయ్ నమోదును ప్రవేశాల విభాగం నిలిపివేయడం గురించి, కొత్త విద్యార్థుల సన్నాహక దినాన ఆమె తండ్రిని నిండు సభలో కుర్చీలోంచి లేపడం గురించి.

తమకు ఇదివరకే నోటిమాటగా విన్నవించుకున్నాను. "బురుల్ గారూ, కంప్యూటర్‌కు వరసలు తెలియవు కదా" అని తాము చిరునవ్వుతో సెలవిచ్చారు. ఆ చిరునవ్వు తరువాత నేను నోటిమాట మీద నమ్మకం వదులుకుని, జరిగినదంతా ఈ దిగువ క్రమంగా రాసి సమర్పిస్తున్నాను.

1. కొత్త విద్యార్థులకు మనం పంపిన సూచనల పత్రంలో "పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థులు తల్లిదండ్రులతో హాజరు కావలెను" అని ఉన్నది. కనిషాయ్ తల్లిదండ్రులతోనే హాజరైనది. తండ్రి సాతార్‌కుల్ గారు, తల్లి ఊల్కన్ గారు ఆగస్టు మేత ముగియకముందే మందను పొరుగువారికి అప్పగించి, పై కొండల నుంచి దిగి వచ్చారు. తొలి చూలు బిడ్డను తాతకూ నాయనమ్మకూ ఇచ్చి వారి బిడ్డగానే పెంచడం మన ఇళ్లలో ఉన్నదే. ఈ అమ్మాయీ అలా పెరిగినదే; నాయనమ్మనూ తాతనూ అమ్మా, నాన్నా అంటుంది. కన్నతండ్రిని అన్న అంటుంది. కన్నతల్లి జీబెక్‌ను వదిన అంటుంది. ఇందులో దాపరికమేమీ లేదు, ఆ లోయలో ఎవరిని అడిగినా చెబుతారు. మన కార్యాలయంలో కూడా ఇలా పెరిగినవారు ఉన్నారని తమకూ తెలుసు, నాకూ తెలుసు. పేర్లు రాయను.

2. జనన పత్రంలో జీబెక్ పేరు ఉన్నందున, ఆమె దేశానికి ఆ చివర బాత్కెన్‌లో ప్రసూతి ఆసుపత్రి నర్సు గనుక, కన్నతండ్రి లారీతో సరిహద్దు అవతల ఉన్నందున, నియమం ప్రకారం ఆమెను వీడియోలో విచారించాలని ప్రవేశాల విభాగం గుమస్తా శ్రీ ఎలామన్ నిర్ణయించారు. అందులో తప్పు లేదు. కాని ఆ విచారణను గదిలో కాక సభామందిరపు పెద్ద తెర మీద, కొత్త విద్యార్థులందరి ముందు, వారి బంధువులందరి ముందు జరిపారు. తెర ఎదుట ముందు వరసలో అత్తగారు ఊల్కన్ గారు కూర్చుని ఉన్నారు. అత్తగారు కనబడగానే జీబెక్ కోడలు చేయవలసిన పనే చేసింది: లేచి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి వంగి నమస్కరించింది. తెర మీద గోడ, గోడకు వేలాడుతున్న తెల్లకోటు మాత్రమే మిగిలాయి.

"అక్కా, ఎక్కడికెళ్లారు? ముఖం కనపడాలి, లేకపోతే సిస్టమ్ కట్ చేసేస్తుంది" అన్నారు ఎలామన్.

"పెద్దావిడ ఎదురుగా ఉంటే ముఖం ఎత్తుకుని ఎట్లా కూర్చుంటాను తమ్ముడూ? ఇదుగో వస్తున్నా."

"అమ్మాయి ఎవరి సంరక్షణలో ఉంది? పేరు చెప్పండి."

"మా ఇంటి పెద్దాయన దగ్గర."

"పేరు కావాలి."

"అయ్యో, మామగారి పేరు నా నోటితోనా? నువ్వు చదువు నాయనా, నేను తల ఊపుతాను."

"తల ఊపితే కుదరదక్కా. నోటితో చెప్పాలి."

వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, "ఏరా ఎలామన్, మీ తాత పేరు మీ అమ్మ నోట ఎప్పుడైనా విన్నావా?" అన్నారు. సభ నవ్వింది. ఎలామన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. తరువాత జరిగినది ఆ ఎర్రబడిన చెవుల వల్లనే జరిగిందని నా అభిప్రాయం.

"సరే, సూటిగా అడుగుతున్నాను. మీరు ఈ అమ్మాయికి తల్లి అవునా, కాదా?"

 "కన్నాను" అన్నది జీబెక్. "అమ్మ మాత్రం అదుగో, నీ ఎదురుగానే కూర్చుని ఉంది."

గుమస్తా ఈ సమాధానాన్ని "తల్లి కాదని అంగీకరించినది" అని నమోదు చేశారు. సంరక్షకుని పేరు అడిగిన చోట "గుర్తింపు నిర్ధారణ కాలేదు" అని నమోదు చేశారు. పెళ్లయిన నాటినుంచీ మామగారి పేరు పలకకుండా పాటించిన మర్యాద మన దస్త్రంలో అజ్ఞానంగా చేరినది.

3. అంతటితో ఆగినా నేను ఈ అర్జీ రాసేదాన్ని కాను. శ్రీ ఎలామన్ మైకులో ఇలా ప్రకటించారు: "ఈ విద్యార్థిని తరఫున తల్లిదండ్రులెవరూ రాలేదు. పక్కన కూర్చున్న బంధువులు లేచి వెనక వరసల్లోకి వెళ్లండి."

సాతార్‌కుల్ గారు లేచారు.  ఒళ్లో పెట్టుకున్న తెల్లని ఉన్నిటోపీ తలకు పెట్టుకుని, భార్య మోచెయ్యి పట్టుకుని, అందరి మోకాళ్లనూ దాటుకుంటూ, దాటిన ప్రతివారికీ క్షమించమని చెప్పుకుంటూ వెనక్కు నడిచారు. అయ్యా, తాము ఆ సమయాన వేదిక మీద ఉన్నారు. నీళ్లు తాగుతున్నారు.

కనిషాయ్ అప్పుడు అన్న మాటను సభామర్యాద ఉల్లంఘనగా దస్త్రంలో రాశారు గనుక, దానిని ఉన్నదున్నట్టుగా ఇక్కడ పొందుపరుస్తున్నాను: "మా నాన్న లేచిన కుర్చీలో ఎవర్ని కూర్చోబెడితే వాళ్లని నాన్నా అనమంటారా?" ఇది ఉల్లంఘన అయితే నేనూ ఉల్లంఘిస్తున్నాను. ఆ ప్రశ్నకు మన సంస్థలో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

4. ప్రస్తుత స్థితి: సాతార్‌కుల్ గారు, ఊల్కన్ గారు "మేము ఈ బాలికకు తల్లిదండ్రులము కాము, ఆమెపై మాకు ఎట్టి హక్కు లేదు" అని రాసి సంతకం చేస్తేనే జిల్లా కార్యాలయం వేరొక సంరక్షకుని నియమించునని, అప్పుడే నమోదు జరుగునని ప్రవేశాల విభాగం తెలియజేసినది. ఆ కాగితం తెచ్చేందుకు కనిషాయ్ నిరాకరించినది. శుక్రవారం సాయంత్రం కార్యాలయం మూసేలోగా నమోదు కాని పక్షంలో సీటు నిరీక్షణలో ఉన్న మరొకరికి పోతుంది.

5. ఆ సీటు అంటే ఏమిటో సలహాదారుగా నేను చెప్పవలసి ఉన్నది. ఈ అమ్మాయి పాఠ్యప్రణాళికను ఆమెతో కూర్చుని నేనే తయారుచేశాను. గణిత అర్హత పరీక్షలో తప్పిన లెక్కలను మళ్లీ చేయించమని తనే అడిగింది. నదీ ప్రవాహాల మూలపాఠం శరత్కాలంలో తప్ప మొదలుకాదు; అది తప్పితే విభాగమే తప్పినట్లు. నీళ్ల చదువే ఎందుకని అడిగాను.

"మా మేతభూమిలో వాగు పొద్దున సన్నగా ఉంటుంది బురుల్ అక్కా, మధ్యాహ్నానికి పొంగుతుంది. పైన మంచు కరిగి వస్తుందది. పైన ఎంత మిగిలిందని నాన్న ఏటా అడుగుతాడు. ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్లు లేకపోతే నేనే నేర్చుకుని చెప్తాను."

కొత్త విద్యార్థులు చాలామంది నా ఎదుట కూర్చుని, స్నేహితులు ఏ విభాగంలో చేరితే తామూ అందులోనే అంటారు. వారినీ శ్రద్ధగానే నమోదు చేస్తాను. కాని తనకు ఏమి కావాలో, ఎందుకు కావాలో తెలిసి వచ్చిన విద్యార్థిని తలుపు దగ్గరే ఆపితే, సన్నాహక దినమని మనం దేనికి సన్నాహం చేస్తున్నట్లు?

6. తల్లిదండ్రుల గుర్తింపు నియమం ఎందుకు పుట్టినదో నాకు తెలుసు. పిల్లలను అయినవారి పేరు చెప్పి ఎత్తుకుపోయిన సంగతులు విన్నాక పెట్టిన నియమం అది. ఆ కారణాన్ని గౌరవిస్తాను. పిల్లలను కాపాడడానికి పుట్టిన నియమం ఒక పిల్లను తండ్రి నుంచి కాపాడుతున్నానని చెప్పుకోవడాన్ని మాత్రం గౌరవించలేను. కంప్యూటర్‌కు వరసలు తెలియనక్కరలేదు. మనకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్లు నటించడానికి మనం దానిని కొనుక్కోలేదు.

7. కావున ఈ దిగువ కోర్కెలు:

జీబెక్ మరునాడే తన స్వదస్తూరీతో రాసి, ఆసుపత్రి ముద్ర వేయించి పంపిన అంగీకారాన్ని స్వీకరించవలెను. "బిడ్డను కన్నాను, ఆమె చదువు విషయంలో మా ఇంటి పెద్దలు పెట్టే సంతకమే నా సంతకం" అని అందులో స్పష్టంగా ఉన్నది. వీడియోలో చెప్పలేదన్న కారణంతో గుమస్తా దానిని తిప్పి పంపారు. జనన పత్రం, గ్రామ సభ ధ్రువపత్రం కూడా జతపరిచాను. విశ్వవిద్యాలయ నియమావళిలో "తల్లి లేదా తండ్రి లిఖితపూర్వక సమ్మతి" అనే ఉన్నది. వీడియో అన్నది ప్రవేశాల విభాగం తన సౌకర్యానికి చేర్చుకున్న పద్ధతి. దానిని మినహాయించే అధికారం తమ ఒక్కరికే ఉన్నది.

ఇకమీదట ఏ కుటుంబం సంగతినీ పెద్ద తెర మీద విచారించరాదని ఉత్తర్వు ఇవ్వవలెను.

సాతార్‌కుల్ గారికి క్షమాపణ చెప్పవలెను. ఎలామన్ చేత చెప్పించమని నేను కోరడం లేదు. అతడు కుర్రవాడు, బెదిరాడు, మరునాడు నా గదికి వచ్చి "ఆ పెద్దాయన ఎక్కడ దిగారక్కా?" అని అడిగి వెళ్లాడు. వేదిక మీద ఉన్నవారు చెప్పవలెను.

ఈ అర్జీలోని పరుష వాక్యాలను నా ఖాతాలో వేసి, నిజాలను కనిషాయ్ ఖాతాలో వేసి, శుక్రవారం కార్యాలయం మూయకముందే తాము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బురుల్ చొరోయెవా
విద్యా సలహాదారు, ప్రథమ సంవత్సరం

అనుబంధం: పై భాగం అచ్చు తీయబోతుండగా నా గది తలుపు చప్పుడయింది. సాతార్‌కుల్ గారు. ఒక్కరే వచ్చారు.

"లోపలికి రావచ్చా తల్లీ? ఏదో రాసివ్వాలన్నారటగా, నేను దానికి తండ్రిని కానని. రాసెయ్యి. సంతకం పెట్టేసి పోతాను."

"కూర్చోండి పెద్దాయనా. రిజిస్ట్రార్ గారికి రాస్తున్నాను. ఆయన జవాబు రానీయండి."

"ఆయన రాసేదాకా ఆ సీటు ఆగుతుందా? కాగితం మీద కాదంటే మాత్రం కాకుండా పోతానా ఏంటి! ఒక్కటే, మా ఆవిడకి చెప్పలేదు. పిల్లకి అసలు తెలియకూడదు. ఆ పెన్నిలా ఇవ్వు."

నా గదిలో పెన్ను లేదని చెప్పాను. నా బల్ల మీద గ్లాసు నిండా పెన్నులున్నాయి. ఆయన గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు.

"పెన్ను లేని ఆఫీసేంటమ్మా" అన్నారు. అని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. టీ పోశాను, తాగుతున్నారు.

సంతకం లేని అర్జీని తమ కార్యాలయం స్వీకరించదని నాకు తెలుసు. కాని ఆయన ఎదుట నేను పెన్ను తీయలేను. అందుచేత ఇది ఇలాగే వస్తున్నది.