గల్లీ వైపు తిప్పిన మిషన్

ఏమయ్యా,

నిన్న నీ సంవత్సరీకం అయిపోయింది. లాల్‌దర్వాజాలో మన కుట్టు దుకాణం మూసేసి, కంచన్‌బాగ్‌లో తన ఇంటికి వచ్చెయ్యమని మా అన్న ఒకటే లొల్లి. "నేను ఈడికెల్లి కదల," అని చెప్పేశాను.

ఈ పొద్దున షట్టర్ ఎత్తి, ఎప్పుడూ గోడ వైపే ఉండే నీ మిషన్‌ని గల్లీ వైపు తిప్పుకున్నాను. పక్క షాపు రహీం భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"భాభీ, గది మాస్టర్ పెట్టిన జాగ! ఎట్లున్నది గట్లనే ఉండనియ్యి."

"ఇగ కూసునేది నేను గద, భాయ్!"

బజారు చూస్తూ కుడితే కుట్టు వంకర పోతుందనేవాడివి. నీ పక్కన కూర్చుని గుండీలు కుడుతూ ఇన్నేళ్లు నేనూ ఆ గోడనే చూశాను. ఇవాళ వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ రెండు జాకెట్లు కుట్టాను. ఒక్క కుట్టూ వంకర పోలేదు.

నమ్మకపోతే వచ్చి చూసుకో.