పెద్దాయన అనే కొండచిలువ

బ్లూమ్‌ఫాంటేన్

లిజులులో ఉన్న బిలియాటి మామయ్యకి, మేనల్లుడు మసౌకో మోకరిల్లి రాసేది.

ఈ పరాయి దేశంలో ఫూరీ అనే తెల్ల అమ్మగారి ఇంట్లో పని దొరికింది. వాళ్ళ నాన్న పోయాక వెనక గదిలో పెద్దాయన ఒక్కడే మిగిలాడు. అప్పట్నించీ ఏమీ ముట్టడంలేదు. ఆయన చేత తినిపించడమే నా పని. నెలాఖరులోగా తినకపోతే ఆయన్ని ఎక్కడికో పంపించేస్తుందట, నన్నూ ఇంటికి పొమ్మంటుంది. పనిలేనివాడికి డైలేసీని ఇవ్వరని నీకు తెలుసు. పెళ్ళి మాట మాట్లాడాల్సింది మేనమామవి నువ్వే కాబట్టి, పని ఉందని మాత్రం చెప్పు.

పెద్దాయన తినేది ఎలుకలే.

నీ మసౌకో

మరో మాట: ఫ్రీజర్ నిండా ఎలుకలే. అమ్మకి చెప్పకు, కూరకి పంపమంటుంది.

లిజులు

ఒరే మసౌకో,

మేమంతా బాగున్నాం, మీ అమ్మ మోకాలు తప్ప.

తెల్లవాళ్ళల్లో కూడా మనలాగే ఎలుకలు తినే పెద్దమనిషి ఉన్నాడంటే నా కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ వాళ్ళని తప్పుగా అనుకున్నాను. ఉప్పునీళ్ళలో ఉడికించి, పొగమీద ఆరబెట్టి, మొక్కజొన్న పిండితో న్సిమా ముద్ద చేసి దాంతో పెట్టు. దుఃఖంలో ఉన్నవాడు ఒంటరిగా తినలేడు, నువ్వూ పక్కన కూర్చుని తిను.

ఆశీస్సులతో, బిలియాటి

మరో మాట: ఆయనకి పళ్ళున్నాయా?

బ్లూమ్‌ఫాంటేన్

మామయ్యా,

ఉడికిస్తే మొహం తిప్పుకున్నాడు. అమ్మగారు తిట్టింది. ఇక్కడి పద్ధతి వేరట. ముందురోజే ఎలుకని ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. తర్వాత సంచిలో కట్టి గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. దాని పొట్టలో మంచుగడ్డ మిగల్లేదని నొక్కి చూసి, తుడిచి, పొడుగాటి పట్టకారుతో ఆయన మొహం ముందు ఆడించాలి. ఆయన పచ్చిదే, తలవైపు నించి, ఎలుకని అమాంతం మింగుతాడు. నమలడు. ఒకసారి తింటే వారం పైగా మళ్ళీ అడగడు.

ఎంత ఆడించినా రెప్పవేయకుండా నా వంక చూస్తాడే గాని నోరు తెరవడు. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. నాకు భయంగా ఉంది మామయ్యా.

నీ మసౌకో

మరో మాట: పళ్ళున్నాయి. లోపలికి వంగి ఉంటాయి.

లిజులు

ఒరే మసౌకో,

పెద్దవాళ్ళకి పట్టకారుతో పెడతారా? సరే, ఎవరి మర్యాద వాళ్ళది.

డబ్బాలో పెరిగిన తెల్ల ఎలుకకి మట్టి వాసన ఎక్కణ్ణించి వస్తుంది? కోతలయ్యి తగలబెట్టిన మొక్కజొన్న చేలో కన్నం తవ్వాను. ఎలుక గూట్లో గడ్డి మూటకట్టి బస్సు డ్రైవర్ ఫెస్టన్ చేతికిచ్చాను. నీ ఎలుకని తుడిచాక ఆ గడ్డిలో బాగా దొర్లించి పెట్టు. నువ్వు కదలకు. తింటాడు.

డైలేసీ మేనమామ ఆదివారం వస్తున్నాడు. త్వరగా రాయి.

బిలియాటి

మరో మాట: చొక్కా విడిచే రోజులైతే ఆగు. అప్పుడు ఎవరు పెట్టినా తినడు.

బ్లూమ్‌ఫాంటేన్

మామయ్యా,

తిన్నాడు. గడ్డి వాసన తగలగానే తలెత్తాడు. ఒకటి మింగి రెండోదానికి చూశాడు. అమ్మగారు గుమ్మంలో నిలబడి ఏడ్చింది. వాళ్ళ నాన్న ఎప్పుడూ తన చేత్తోనే పెట్టేవాడట. నాకూ ఏడుపు ఆగలేదు. పని నిలబడింది.

నీ మసౌకో

మరో మాట: చొక్కా సంగతి నీకెలా తెలుసు?

లిజులు

ఒరే మసౌకో,

ఎలుక కన్నాలు తవ్వి బతికినవాణ్ణి. కన్నం రెండోవైపు మీ పెద్దాయన లాంటివాళ్ళు నాకు చాలామందే ఎదురయ్యారు. నమలకుండా తలవైపు నించి మింగేవాణ్ణి గుర్తుపట్టలేనా?

నిజం చెప్తున్నా విను. పాముని సాకి సిరులు పోగేసే ఇంట్లో పడ్డావనుకుని, నిన్ను లాక్కురావడానికి బస్సు కూడా ఎక్కాను. కూర్చుని ఉత్తరం మళ్ళీ చదివాను. సిరులిచ్చే పాము మనుషుల్ని బలి అడుగుతుంది గాని, యజమాని పోయాడని తిండి మానుకోదు. దిగి వెనక్కొచ్చి పార అందుకున్నాను. మీ అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

డైలేసీ వాళ్ళు ఒప్పుకున్నారు. అలిగిన ముసలాయన చేత తినిపించినవాడు పెళ్ళాన్ని బాగానే చూసుకుంటాడన్నారు.

నీ మేలుకోరే బిలియాటి

మరో మాట: పెద్దాయన్ని పెళ్ళికి తీసుకురాకపోతే ఊరుకోనంది డైలేసీ వాళ్ళమ్మ. తన పక్కనే కుర్చీ వేయిస్తుందట. ఆయనకి కోడి కొయ్యాలా, మేక కొయ్యాలా అని అడిగింది. ఎలుకలు చాలన్నాను. ఎంత నిరాడంబరుడో అని మురిసిపోయింది. కొత్త చొక్కాలో తీసుకురా.