అమ్మ కూర్చునే జాగా

అమ్మా,

పుణె నుంచి నీ పెద్దబిడ్డ లావణ్య నీ కాళ్లకు మొక్కి రాస్తున్న ఉత్తరం. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? నాయనమ్మ వేళకు గోలీలు వేసుకుంటున్నదా? తమ్ముడు కాలేజీకి పోతున్నాడా, బజారుకు పోతున్నాడా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనుకుంటావేమో. నేను ఏదైనా మొదలుపెట్టగానే నువ్వు "తిన్నవా బిడ్డా" అంటావు, నా మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే నువ్వు కూడబలుక్కుని చదువుకునేలా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. తమ్ముడితో చదివించుకోకు.

ఇక్కడ వాన పట్టిందంటే వదలదు. ఆఫీసు కిటికీలోంచి చూస్తే కొండ కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు. పప్పులో బెల్లం వేస్తారు. మొదటి వారం ఏడుపొచ్చింది, ఇప్పుడు అలవాటైంది. అయినా ఎవరైనా ఇటు వస్తుంటే మామిడి తొక్కు పంపు. చదువైపోయి ఉద్యోగంలో చేరగానే పెద్ద పెద్ద భవనాలు గీస్తాననుకున్నాను. ఇప్పటిదాకా గీసినవి మెట్లూ బాత్రూములే. గీస్తూ గీస్తూ ఎటో పోతాను. కంప్యూటర్‌లో ఒక గది గీసి కిటికీ పెట్టగానే లోపల ఎండ పడుతుంది, ఆ ఎండలో నువ్వు కూర్చుని ఉంటావు. నువ్వు బీడీలకు తడిపిన తునికాకు వాసన కూడా వస్తుంది. పక్క టేబుల్ అమ్మాయి భుజం తడితే గానీ మళ్లీ పుణెకు రాను.

అసలు సంగతి చెప్తాను. పోయిన నెల మా సార్‌తో షోలాపూర్ దగ్గర ఒక బస్తీకి వెళ్లాను. మిల్లు కూలీలకు చిన్న ఇళ్లు కట్టే పని మా ఆఫీసుకు వచ్చింది. వెళ్లి చూస్తే ప్రతి గడపలో ఒక ఆడమనిషి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. అందరూ మన తెలుగువాళ్లే. ఒక అవ్వ చేతులు ఆపకుండానే నా మొఖం చూసి, "ఏ ఊరు బిడ్డా నీది? మనోళ్ల పిల్ల లెక్కనే ఉన్నవ్" అన్నది. సార్ పక్కనే ఉన్నాడు. నేను కోరుట్ల అనకుండా హైదరాబాద్ అన్నాను. మీ అమ్మ ఏం చేస్తది అని అడిగింది. ఇంట్లోనే ఉంటుంది, ఏం చెయ్యదు అన్నాను.

ఏం చెయ్యదట! నువ్వు చేసిన బీడీల మీదే ఐదేళ్లు చదివినదాన్ని. చెప్పు తీసుకుని కొట్టమ్మా నన్ను. ఆ రోజు నుంచి నేను గీసిన గదుల్లోకి నువ్వు రావడం లేదు. కిటికీ ఉంటుంది, ఎండ పడుతుంది, అంతే.

మొన్న మంగళవారం ఆ ఇళ్ల బొమ్మలు సార్ ముందు పెట్టాను. తలుపు పక్కన, వెలుతురు బాగా పడే చోట కొంచెం జాగా వదిలాను. ఇది వేస్టు, గదిలో కలిపెయ్ అని సార్ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. అందరూ చూస్తుండగా లేచి నిలబడ్డాను.

"అది ఆడోళ్లు బీడీలు చేసుకునే జాగ సార్. మా అమ్మ కోరుట్లల అట్లనే కూసుండి చేస్తది."

హిందీలోనే అన్నాను గానీ, నా లోపల మాత్రం ఇట్లాగే వినబడింది. ఈసారి సిగ్గు వేయలేదు.

సార్ చెడ్డవాడు కాదు. అయితే దానికి ఎంత జాగా కావాలో కొలత తెమ్మన్నాడు. నెలాఖరుకు తెస్తే ఉంచుతాడట, లేకపోతే తీసేస్తాడట. మా దగ్గర లావుపాటి కొలతల పుస్తకం ఉంటుందమ్మా. కుర్చీకెంత, మంచానికెంత, కారుకెంత, అన్నీ ఉన్నాయి. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఎంతో లేదు. పుస్తకం మొత్తం వెతికాను.

ఆ కొలత నువ్వే పంపాలి. రోజూ కూర్చున్నట్టే గోడకు ఆనుకుని కూర్చో. ఆకు ఒక పక్క, చేసిన కట్టలు ఇంకో పక్క పెట్టుకో. తమ్ముడిని టేపు పట్టమను. గోడ నుంచి నీ పాదాల దాకా ఎంత, ఈ పక్క నుంచి ఆ పక్కకు ఎంత, రెండూ కావాలి.

నాయనమ్మకు నా దండాలు. దుబాయ్ నుంచి బాపు ఫోన్ చేస్తే ఆయనకూ చెప్పు. నన్ను తిట్టాలనుంటే ముందు తిట్టు, తర్వాత దీవించు. రెండూ నాకు కావాలి.

ఒక్క మాట అమ్మా. ఎవరైనా దాటిపోతుంటే నువ్వు కాళ్లు ముడుచుకుంటావు. తమ్ముడు టేపు తెచ్చినా ముడుచుకుంటావు, నాకు తెలుసు. గింత సాలు బిడ్డా అంటావు. అట్లా కొలిస్తే ఆ ఇళ్లల్లో ఆడవాళ్లందరూ కాళ్లు ముడుచుకునే బతకాలి. కాళ్లు చాపుకుని కూర్చో.

నీ బిడ్డ
లావణ్య