ఒకే నంబరు, ఇద్దరు మనుషులు

వన్ టౌన్,
విశాఖపట్నం.

అక్కయ్యకు నమస్కారాలతో రాజ్యం రాయునది.

నేను కులాసా. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆలస్యంగా రాశానని తిట్టే ముందు మొత్తం చదువు!

ఇక్కడ ఒకటే ఉక్క. కందిపొడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. ఆదివారాలు మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. మిగతా రోజులు కంప్యూటర్ ఏడిపిస్తుంది.

మా ఫ్యాక్టరీలో పర్మనెంటు చేసే కూలీల జాబితా నాకప్పగించారు. యారాడ ముఠాది ఒకటి, తగరపువలస ముఠాది ఒకటి, రెండూ కలిపి ఒకటి చేయాలి. టోకెన్ నంబరు ఇస్తే పేరు చెప్పేలా ప్రోగ్రాం రాశాను. ఎక్కడా ఆగకుండా నడిచింది, తెగ మురిసిపోయాను. జాబితా గేటుకి అంటించారు. అందులో పేరు లేకపోతే ఉద్యోగం లేనట్టే.

కాసేపటికే యారాడ ముఠా కూలీ అప్పలస్వామి నా కిటికీ దగ్గరకొచ్చాడు. వెనక ముఠా అంతా ఉంది.

"మా పేర్లు నేవంతన్నారేటమ్మా? నానేటి తప్పు సేసినాను?"

"మెషిన్ తప్పు చెప్పదు, సరిగ్గా చూసుకోండి" అనేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆయన తన టోకెన్ బిళ్ల బల్లమీద పెట్టాడు. పదిహేడు. జాబితాలో పదిహేడు ఎదురుగా తగరపువలస సింహాచలం పేరుంది!

అప్పుడు వెలిగిందక్కా. ఏ ముఠాకి ఆ ముఠా మేస్త్రీయే ఒకటి నుంచి నంబర్లు వేసుకున్నాడు. కంప్యూటర్ ఒక నంబరుకి ఒక్క పేరే ఉంచుకుంటుంది. రెండో జాబితా కలపగానే మొదటి పేర్లు చెరిపేసింది. యారాడ ముఠా చిన్నది, వాళ్ల నంబర్లన్నీ తగరపువలస వాళ్లకీ ఉన్నాయి, అందుకే మొత్తం మాయం. పేర్లు ఎన్నున్నాయో చూసుకోవాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

పరిగెత్తుకెళ్లి ఆఫీసరుగారితో తప్పు నాదేనని చెప్పాను. "సాయంత్రంలోపు సరిచెయ్, లేకపోతే ఈ తప్పు జాబితాయే హెడ్డాఫీసుకి వెళ్లిపోతుంది" అన్నారు. భోజనం మానేసి కూర్చున్నాను. నంబరు ముందు ముఠా పేరు చేర్చాను. ఉన్న నంబరే మళ్లీ వస్తే చెరపకుండా ఆగి నాకు చెప్పమని కూడా రాశాను. ఇక చూడు, రెండు ముఠాల పేర్లతో ప్రింటరులోంచి కాగితం దిగుతూనే ఉంది! గంతేశానంటే నమ్ము.

కొత్త జాబితా నేనే అంటించాను.

"మాకు సదువు రాదమ్మా, గట్టిగా సదివెయ్" అన్నాడు అప్పలస్వామి. యారాడ పేర్లు ఒక్కటీ వదలకుండా పైకి చదివాను. పిలిచిన ప్రతివాడూ చెయ్యెత్తి "ఉన్నానమ్మా" అన్నాడు.

అమ్మానాన్నల పాదాలకు దండాలు. నన్ను దీవించమను. పిల్లలకు ముద్దులు. పేర్లన్నీ అరిచి చదివి ఇవాళ నా గొంతు బొంగురుపోయింది, అయినా ఇంత సంతోషం ఎప్పుడూ లేదు.

ఇట్లు,
నీ చెల్లెలు రాజ్యం